మగవాళ్ళు చొక్కా విప్పితే ఏమీ కాదు, ఆడవాళ్ళు విప్పితే నేరమా? అసలు చట్టం ఏమంటుంది?

గోదారి_పిల్ల

నేను కెనడాలో, ఒంటారియోలోని గ్వెల్ఫ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, వచ్చి పది నెలలయింది. పోయిన శనివారం బాగా ఎండ కాస్తుంటే నేనూ, నా రూమ్మేటూ, టొరంటో నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకూ కలిసి స్పీడ్ నది ఒడ్డున పార్కుకి వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తీసి తింటున్నాం. మాకు ఒక ఇరవై అడుగుల దూరంలో ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయేమో, చాప పరుచుకుని, చొక్కా తీసి పక్కన మడత పెట్టి, బోర్లా పడుకుని పుస్తకం చదువుకుంటోంది. కాసేపటికి లేచి అలాగే కూర్చుని నీళ్ళు తాగింది. పైన ఏమీ లేదు. ఆవిడ పక్కనే నలుగురు మగపిల్లలు, వాళ్ళకీ చొక్కాల్లేవు, ఫ్రిస్బీ విసురుకుంటున్నారు. సైకిల్ మీద ఒక పోలీసాయన అటు వెళ్ళాడు, ఆగను కూడా లేదు.

మా అన్నయ్య మాత్రం ఫోన్ తీశాడు. నేను చెయ్యి పట్టుకుని కిందకి లాగాను కానీ అప్పటికే ఒక ఫోటో తీసేశాడు. ఇంటికొచ్చాక పెద్ద గొడవ. "నలుగురిలో విప్పుకుని కూర్చున్న మనిషికి లేని సిగ్గు నాకెందుకు" అన్నాడు. నేను "ఆ మగపిల్లల ఫోటో తీయలేదేం" అన్నాను. "వాళ్ళు మగాళ్ళు కదా" అన్నాడు. అక్కడితో నా దగ్గర మాటలైపోయాయి, ఎందుకంటే నిజం చెప్పాలంటే నాకు కూడా ఆవిడని చూసి లోపల ఏదో ఇబ్బందిగానే అనిపించింది, ఆ ఇబ్బంది ఎందుకో నాకే తెలియలేదు.

నా ప్రశ్న ఏంటంటే, ఇక్కడ ఇది నిజంగా చట్టబద్ధమేనా? ఇండియాలో రాజ్యాంగం ఆర్టికల్ 14, 15 ఉన్నాయి కదా, స్త్రీపురుష భేదం చూపకూడదని, మరి మన దగ్గర చెరువు గట్టు మీద చొక్కా లేకుండా తిరిగే మగవాడికి లేని నేరం ఆడదానికి ఎలా వస్తుంది? వాదన కోసం కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. దయచేసి ఎవరూ "సంస్కృతి" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోకండి.

గ్వెల్ఫ్_పాతకాపు

అమ్మాయ్, చట్టబద్ధమే. ఇంకా చెప్పాలంటే ఆ సంగతి మొదలైంది నువ్వు ఉన్న ఊళ్ళోనే. నేను ఈ చుట్టుపక్కల 22 ఏళ్ళుగా ఉంటున్నాను, వచ్చిన కొత్తలో ఇక్కడి వాళ్ళే నాకు ఈ కథ చెప్పారు.

1991 జూలై 19. గ్వెన్ జేకబ్ అనే 19 ఏళ్ళ అమ్మాయి, మీ యూనివర్సిటీలోనే చదివేది. 33 డిగ్రీల ఎండ. మగవాళ్ళు చొక్కాలు లేకుండా తిరుగుతుంటే తను కూడా చొక్కా తీసేసి ఊళ్ళో రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళింది. పోలీసులు కేసు పెట్టారు, క్రిమినల్ కోడ్ సెక్షన్ 173 కింద, బహిరంగంగా అసభ్యమైన పని చేసిందని. కింది కోర్టు 75 డాలర్ల జరిమానా వేసింది. 75 డాలర్లు కట్టేసి ఊరుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. ఆవిడ ఊరుకోలేదు, ఐదేళ్ళకి పైగా తిరిగింది, చివరికి 1996 డిసెంబర్ 9న ఒంటారియో అప్పీల్ కోర్టు నిర్దోషి అని తీర్పు ఇచ్చింది.

ఇక్కడే అసలు విషయం ఉంది, చాలామంది దీన్ని తప్పుగా చెప్తారు. "మగా ఆడా సమానం కాబట్టి" అని ఆ కోర్టు అనలేదు. సమానత్వం వాదన కూడా ఆవిడ తరఫున పెట్టారు, కానీ కోర్టు దాని మీద తేల్చకుండానే కేసు ముగించింది. జడ్జి ఆస్బోర్న్ రాసింది ఏంటంటే, ఆవిడ చేసినదాంట్లో ఎవరినీ కించపరిచేది ఏమీ లేదు, డబ్బు కోసం చేసింది కాదు, నచ్చనివాళ్ళని చూస్తూ ఉండమని ఎవరూ బలవంతం చేయలేదు. అంటే తల తిప్పుకునే వీలు వాళ్ళకి ఉంది. హాని లేదు కాబట్టి అసభ్యం కాదు, అసభ్యం కాదు కాబట్టి నేరం కాదు. అంతే.

ప్రభుత్వం ఆ తీర్పు మీద సుప్రీం కోర్టుకి వెళ్ళలేదు. అప్పటి నుంచి ఒంటారియోలో ఇదే నడుస్తోంది. అయినా చాలామందికి తెలియదు. 2015లో పక్కనే కిచెనర్‌లో ముగ్గురు అక్కచెల్లెళ్ళు పైన బట్ట లేకుండా సైకిళ్ళ మీద వెళ్తుంటే ఒక పోలీసు ఆపి కప్పుకోమన్నాడని పెద్ద వార్త అయింది, వాళ్ళు ఫిర్యాదు చేశారు, ఆ తర్వాత వాటర్లూలో ఊరేగింపు కూడా జరిగింది. తీర్పు వచ్చి అప్పటికి దాదాపు 19 ఏళ్ళు.

కరీంనగర్_శీను

నేను సంస్కృతి అని ఒక్క ముక్క రాసి పోను, కానీ నా మాట కూడా వినండి. సమానం అంటే ఒకేలా అని కాదు. ఆడవాళ్ళ శరీరం వేరు, మగవాళ్ళది వేరు, దాన్ని చూసే చూపు కూడా వేరు, ఇది నేను తయారు చేసింది కాదు. నాకు ఇద్దరు చెల్లెళ్ళు. ఒక చెల్లెలు హైదరాబాద్‌లో రాత్రి షిఫ్ట్ చేసి క్యాబ్‌లో వస్తుంది, ఇంటికి చేరేదాకా నాకు టెన్షనే. నిండా బట్టలు కప్పుకున్న అమ్మాయినే బస్సులో ప్రశాంతంగా నిలబడనివ్వని చోట, చొక్కా విప్పే హక్కు గురించి మాట్లాడితే నాకు కోపం కాదు, భయం వస్తుంది. చట్టం హక్కు ఇస్తుంది సరే, ఆ హక్కు వాడుకున్న రోజు ఆమె పక్కన ఎవరుంటారు?

బెజవాడ_లాయర్

శీను గారు అడిగింది మంచి ప్రశ్న, దాని దగ్గరికి వస్తాను. ముందు చట్టం.

మన దగ్గర "ఆడవాళ్ళు పైన కప్పుకోవాలి" అని రాసిన సెక్షన్ ఏదీ లేదు. ఉన్నది పాత ఐపీసీ 294, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296. బహిరంగ ప్రదేశంలో ఎవరైనా సరే ఇతరులకి చికాకు కలిగేలా అశ్లీలమైన పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. "ఎవరైనా సరే" అనే ఉంది, మగా ఆడా అని లేదు. కాగితం మీద పూర్తి సమానత్వం. తేడా అంతా "అశ్లీలం" అనే ఒక్క మాటలో దూరి కూర్చుంది. ఆ మాటకి అర్థం సెక్షన్‌లో రాయలేదు. కేసు కట్టే ఎస్సై దగ్గర మొదలై జడ్జి దాకా ఎవరి మనసులో ఏముంటే అది అందులోకి వస్తుంది. గోదావరి ఘాట్‌లో గోచీతో స్నానం చేసే పెద్దాయన మీద ఎవరూ కేసు పెట్టరు. పైపంచె కూడా లేకుండా గుళ్ళో తిరిగే మగవాణ్ణి చూసి ఎవరికీ "చికాకు" కలగదు.

ఈ అశ్లీలాన్ని కొలిచే కొలబద్ద కూడా మారుతూ వచ్చింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో మన సుప్రీం కోర్టు ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న 1868 నాటి హిక్లిన్ పరీక్షనే వాడింది, తేలిగ్గా చెడిపోయే మనసుల మీద దాని ప్రభావం ఏంటి అని చూసే పరీక్ష. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని పక్కన పెట్టారు. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకి కాబోయే భార్య, ఇద్దరూ బట్టలు లేకుండా ఉన్న ఫోటోని ఇక్కడి పత్రికలు మళ్ళీ వేశాయని కేసు. ఆమె నల్లజాతి మూలాలున్న మనిషి, జాతి వివక్షకి వ్యతిరేకంగా తీయించుకున్న ఫోటో. నగ్నత్వం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదు, ఈ కాలపు సమాజం దాన్ని ఎలా చూస్తుందో, ఏ సందర్భంలో చూపించారో చూడాలి అన్నారు.

చూడండి, అక్కడ కూడా "సమాజం ఎలా చూస్తుంది" అనే. ఆ సమాజంలో శీను గారి చెల్లెళ్ళు ఎంతమంది, వాళ్ళని బస్సులో ఇబ్బంది పెట్టేవాళ్ళు ఎంతమంది అని ఏ కోర్టూ లెక్క వేయదు కదా. అందుకే ఈ పరీక్ష నాకు సగమే నచ్చుతుంది.

ఇప్పుడు శీను గారి భయం. మన చట్టం ఆడవాళ్ళ ఛాతీని వేరుగా చూస్తుంది, అది నిజం, రక్షణ కోసం. ఆడవాళ్ళ బట్టలు ఊడదీయాలని దాడి చేస్తే న్యాయ సంహిత 76 కింద మూడు నుంచి ఏడేళ్ళు. ఏకాంతంలో ఉన్న ఆడవాళ్ళని చాటుగా చూసినా, ఫోటో తీసినా 77. ఆర్టికల్ 15(3) ఇలాంటి ప్రత్యేక ఏర్పాట్లకి వీలిస్తుంది. "ఛాతీ ఎవరిదైనా ఒకటే అంటే ఈ రక్షణలు పోతాయి కదా" అని నా జూనియర్లే నన్ను అడుగుతారు. పోవు. ఎందుకంటే ఆ సెక్షన్లు కాపాడేది శరీరంలో ఒక భాగాన్ని కాదు, ఆమె ఇష్టాన్ని. బట్ట ఆమె తీసిందా, ఇంకొకడు లాగాడా, మొత్తం తేడా అక్కడుంది. తను విప్పుకుంటే 296 కింద ఆమె ముద్దాయి, ఇంకొకడు విప్పితే 76 కింద ఆమె బాధితురాలు. రెండు చోట్లా చట్టం చూసేది ఒకే శరీరాన్ని. ఇష్టాన్ని మాత్రం ఒక చోటే చూస్తోంది.

తిరువనంతపురం_తెలుగోడు

లాయర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను ఆరేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, నాగర్‌కోయిల్ వైపు తరచూ వెళ్తుంటాను. ఇక్కడ పాత తిరువాంకూర్ సంస్థానంలో గొడవ సరిగ్గా తలకిందులుగా జరిగింది. అక్కడ నాడార్ ఆడవాళ్ళు (అప్పట్లో షాణార్లు, చాన్నార్లు అనేవాళ్ళు) ఛాతీ కప్పుకుంటే తప్పు! పై కులాల వాళ్ళ ముందు తక్కువ కులం వాళ్ళు, మగైనా ఆడైనా, ఛాతీ కప్పుకోకూడదనేది మర్యాద అట. క్రైస్తవంలోకి మారిన ఆడవాళ్ళు కుప్పాయం అనే రవిక వేసుకోవడం మొదలుపెట్టారు, పై కులాల ఆడవాళ్ళలా పైబట్ట కూడా వేసుకోబోతే 1829లో సంస్థానం కుదరదని ప్రకటన ఇచ్చింది. బజార్లో ఆడవాళ్ళ పైబట్టలు లాగి చింపారు, ఇళ్ళు తగలబెట్టారు. 1858, 59ల్లో గొడవలు బాగా ముదిరాక మద్రాస్ గవర్నర్ ట్రెవిలియన్ ఒత్తిడి చేస్తే (అప్పుడు మన కోస్తా జిల్లాలు కూడా ఆయన కిందే) 1859 జూలై 26న రాజు అనుమతిస్తూ ప్రకటన ఇచ్చాడు. అందులో కూడా మెలిక, కప్పుకోవచ్చు కానీ పై కులాల వాళ్ళలా మాత్రం కప్పుకోకూడదు.

ఈ పాఠం ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఉండేది, తర్వాత తీసేశారు. తీసేయడం నాకు చాలా బాధగా అనిపించింది.

2023 జూన్‌లో కేరళ హైకోర్టు రెహానా ఫాతిమా కేసులో ఇచ్చిన తీర్పులో ఈ చరిత్ర కూడా వచ్చింది. ఆవిడ తన ఛాతీ మీద పిల్లల చేత బొమ్మ వేయించుకుని 2020లో వీడియో పెట్టింది, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం)తో సహా కేసులు పెట్టారు, ముందస్తు బెయిల్ కూడా రాలేదు. చివరికి జస్టిస్ కౌసర్ ఎడప్పగత్ కేసు కొట్టేశారు. పులికలి వేషాల్లో మగవాళ్ళ ఒంటి మీద రంగులు వేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, మగవాడి శరీరం మీద హక్కు ఎవరిదని ఎవరూ అడగరు, ఆడదాని శరీరం దగ్గరే ప్రశ్న వస్తుంది అని రాశారు. నగ్నత్వం ఉన్న ప్రతిసారీ అది అశ్లీలం కాదు అని కూడా. గోదారి_పిల్ల గారూ, మీరు ఆర్టికల్ 14 పేరుతో అడిగిన దానికి మన దేశంలో నాకు తెలిసినంతలో దగ్గరగా వచ్చిన తీర్పు ఇదే. తీరిక చేసుకుని చదవండి.

సావిత్రి_పిఠాపురం

ఇంతదాకా అందరూ కోర్టుల గురించే రాశారు. మా నాయనమ్మ గురించి రాస్తాను.

మా నాయనమ్మ జన్మలో జాకెట్టు వేసుకోలేదు. మా పక్క ఊళ్ళల్లో ఆ వయసు ముసలమ్మలు చాలామంది అంతే, ముతక నేత చీర, పైట గట్టిగా లాగి నడుముకి దోపుకుని పొలం పనీ, దంపుడూ అన్నీ. అరుగు మీద కూర్చుని చేటతో బియ్యం చెరుగుతుంటే పైట జారేది, ఒక చేత్తో సర్దుకునేది, సర్దుకోకపోయినా ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు, కరణం గారు వచ్చినా అంతే, పాలేరు వచ్చినా అంతే. ఎండాకాలం మధ్యాహ్నాలు పైట తీసి పక్కన పెట్టి తాటాకు విసనకర్రతో విసురుకునేది. మేం పిల్లలం ఆవిడ ఒళ్ళో పడుకునేవాళ్ళం. ఆ చల్లటి ముడతల చర్మం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆధార్ కొత్తగా తీస్తున్న రోజుల్లో ఆవిడకి ఎనభై దాటాయి. ఆటోలో తీసుకెళ్ళాం. అక్కడ కెమెరా దగ్గర కూర్చున్న కుర్రాడు ముఖం పక్కకి తిప్పేసి "జాకెట్టు వేయించి తీసుకురండి" అన్నాడు. ఫోటోలో ముఖమే కదా పడేది. అయినా వినలేదు. వెనక లైన్లో వాళ్ళు నవ్వారు. మా అత్త తన జాకెట్టు తెచ్చి వేస్తే అది వదులై భుజం మీంచి జారిపోతుంటే రెండు పిన్నీసులు పెట్టాం. నాయనమ్మ "ఎనభై ఏళ్ళు లేని సిగ్గు నాకిప్పుడు నేర్పుతున్నారా" అంది. కోపంగా కాదు, ఏడుపు గొంతుతో. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత బయటికి ఎక్కడికి వెళ్ళాలన్నా "నాకు జాకెట్టు లేదుగా" అని మానేసింది.

నాయనమ్మ హక్కుల కోసం ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఆ రోజు ఆవిడ ఒంట్లో మారిందేమీ లేదు, ఆ కుర్రాడి చూపు వచ్చి చేరింది. శీను బాబూ, నీ భయం నాకు అర్థమవుతుంది, నాకూ ఇద్దరు కూతుళ్ళు. కానీ ఆ భయాన్ని తీసుకెళ్ళి ఆడపిల్లల పైటకే కడతాం మనం, బస్సులో చెయ్యి వేసేవాడికి కట్టం.

కొలరాడో_శ్రావణి

కొంచెం అమెరికా సంగతి. న్యూయార్క్‌లో 1992లోనే రాష్ట్ర అత్యున్నత కోర్టు సాంటొరెల్లి కేసులో ఆడవాళ్ళ మీద కేసు కొట్టేసింది, రాచెస్టర్‌లో 1986లో పార్కులో పైన బట్ట తీసి కూర్చున్నందుకు పెట్టిన కేసు. మెజారిటీ జడ్జిలు చట్టం ఇలాంటి వాటికి వర్తించదు అని సరిపెట్టారు. జడ్జి టైటోన్ విడిగా తీర్పు రాసి, ఇది సమాన రక్షణకి విరుద్ధం అని నేరుగా అన్నారు. అయినా 2013లో న్యూయార్క్ పోలీసు శాఖ "కేవలం పైన బట్ట లేనందుకు ఆడవాళ్ళని అరెస్టు చేయొద్దు" అని తమవాళ్ళకి మళ్ళీ గుర్తుచేయాల్సి వచ్చింది.

మా పక్కనున్న ఫోర్ట్ కాలిన్స్‌లో మాత్రం సమానత్వం మీదే గెలిచారు. 2019 ఫిబ్రవరిలో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ఆడవాళ్ళకి మాత్రమే నిషేధం పెట్టిన ఆ ఊరి నిబంధన సమానత్వానికి విరుద్ధమయ్యే అవకాశమే ఎక్కువ అని, కింది కోర్టు దాని అమలు ఆపడాన్ని సమర్థించింది. ఊరివాళ్ళు అప్పటికే మూడు లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి ఇక పోరాడలేక వదిలేశారు. అదే నెలలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర సుప్రీం కోర్టు మాత్రం లకోనియా ఊరి అలాంటి నిబంధనే సరైనదని 3-2తో తేల్చింది, దాని మీద అమెరికా సుప్రీం కోర్టు 2020 జనవరిలో విచారణకే ఒప్పుకోలేదు. ఒక రాజ్యాంగం, ఒక నెల, రెండు సమాధానాలు. అందుకే రూల్ ఏంటని అడిగితే ముందు ఏ ఊరు అని అడగాల్సి వస్తుంది.

ఇంకోటి, 1930ల్లో ఇదే దేశంలో బీచ్‌లో బనీను లేకుండా తిరిగిన మగవాళ్ళని కూడా అరెస్టు చేసేవాళ్ళు. మగవాడి ఛాతీ మొదటి నుంచీ మామూలు కాదు, వాళ్ళు కూడా గొడవపడి మామూలు చేసుకున్నారు.

కరీంనగర్_శీను

సావిత్రి అక్కా, మీ నాయనమ్మ సంగతి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మా అమ్మమ్మ కూడా అంతే, ఆ మాటే మర్చిపోయినా. నా భయం అట్లనే ఉంది, కాదనను. కానీ ఆ భయాన్ని నేరం చేసే సెక్షన్‌తో కలిపేసినా నేను, అది తప్పే. నా చెల్లెలు చొక్కా విప్పాలని నేను కోరుకోను, ఆమె కూడా కోరుకోదేమో, కానీ కోరుకున్న ఇంకొకామెని మూడు నెలలు జైల్లో పెడితే నా చెల్లెలి క్యాబ్ ప్రయాణం భద్రంగా మారదు కదా.

గోదారి_పిల్ల

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. పాతకాపు గారూ, గ్వెన్ జేకబ్ నడిచింది నేను రోజూ బస్సు దిగే ఊళ్ళోనేనని తెలిశాక నిన్న సాయంత్రం బస్సు ఎక్కకుండా క్యాంపస్ నుంచి ఇంటికి నడిచే వచ్చాను. సావిత్రి గారూ, మీ నాయనమ్మ గురించి మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మమ్మ కూడా జాకెట్టు వేసుకునేది కాదే, నీకెప్పుడూ చెప్పలేదు" అంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "ఏమో, చెప్పుకునే విషయం కాదనుకున్నా" అంది.

ఆ పార్కులో నాకు అనిపించిన ఇబ్బంది నాలోంచి పూర్తిగా పోయిందని అనను. కానీ అది ఆవిడ తప్పు కాదని మాత్రం ఇప్పుడు తెలుసు.

అన్నయ్య ఆదివారం మళ్ళీ వచ్చాడు. చట్టం, తీర్పులు ఏమీ చెప్పలేదు, లాయర్ గారు రాసిన ఆ ఒక్క పేరా చూపించాను, ఇష్టం ఎవరిది అన్నది. చదివి ఫోన్ నా చేతికిచ్చాడు. ఆ ఫోటో గ్యాలరీలోంచి తీసేసి, డిలీట్ చేసినవి ముప్పై రోజులు దాచిపెట్టే ఫోల్డర్ ఉంటుంది కదా, అందులోంచి కూడా నేనే తీసేశాను.

బెజవాడ_లాయర్

గోదారి_పిల్ల, ఎవరికైనా వాట్సాప్‌లో పంపాడేమో అది కూడా ఒకసారి అడుగమ్మా.

గోదారి_పిల్ల

అడిగానండి. ఒక గ్రూపులో పెట్టాడట. ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని చెప్తున్నాం. పదకొండు మంది ఉన్నారు, నలుగురికి చెప్పడం అయింది.